ఆరో రీలులోని మృగం

ఆదోని తాలూకా బళ్లారి జిల్లా నుంచి విడిపడి కర్నూలు జిల్లాలో కలిసిన మరుసటి యేడు, ఎమ్మిగనూరు జాతర ముగిసిన వారానికి, నన్ను అక్కడ డేరాలో నడిచే టూరింగ్ టాకీసుకు హెడ్ ఆపరేటరుగా పంపారు. హెడ్ అనేది మాటకే. ఆ డేరాలో ఉన్న ఆపరేటరును నేనొక్కణ్ణే. మా యజమాని ఖాజాసాబుకు ఆదోనిలో రేకుల కప్పుతో పక్కా హాలు ఉండేది. అక్కడ నేను రెండో ఆపరేటరును. ఎమ్మిగనూరు డేరా కూడా ఆయనదే. అక్కడి ఆపరేటరుకు కామెర్లు సోకి ఇంటికి వెళ్లిపోవడంతో, లైసెన్సు వచ్చి యేడాదైనా నిండని నాకు అక్కడి ప్రొజెక్టరు మిషను అప్పగించారు.

ఈ వృత్తి తెలియనివారి కోసం నాలుగు మాటలు చెబుతాను. ఫిల్ము వెయ్యి అడుగుల చుట్టలుగా వచ్చేది. ఒక్కో చుట్టను రీలు అంటాం. అడుగు పొడవులో పదహారు బొమ్మలుంటాయి. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు దీపం ముందుకు వచ్చి, ఒక్కొక్కటీ లిప్తపాటు ఆగి, కిందికి జారిపోతాయి. అవి ఆగే సందు పేరు గేటు. గేటు దాటిన ఫిల్మును కింద ఉన్న చక్రం ఎప్పటికప్పుడు చుట్టుకోవాలి. ఆ చక్రాన్ని తిప్పేది ఒక తోలు బెల్టు. ఆనాటి ఫిల్ము నిప్పు తగిలితే భగ్గున అంటుకునే రకం కాబట్టి, మిషను ఉండే క్యాబినులో ఇసుక బకెట్లు, నీళ్ల బకెట్టు తప్పనిసరి. తెగిన ముక్కలను నేల మీద వదలకుండా నీళ్ల బకెట్టులో వేయాలని నిబంధన.

నేను వెళ్లిన వారానికే ఒక ఇంగ్లీషు బొమ్మ వచ్చింది. పాతది, ఎన్నో ఊళ్లు తిరిగి గీతలు పడిన ప్రింటు. దానితో పాటు సూర్యం గారు వచ్చారు. ఆయన ఫిల్ము రెప్రజెంటేటివు, అంటే పంపిణీ కంపెనీ తరఫున ప్రింటు వెంట ఊరూరా తిరిగే ఉద్యోగి. గోదావరి వైపు మనిషి. ఎండలో కూడా కోటు విప్పేవారు కాదు. ప్రింటు ఏ స్థితిలో అందింది, ఏ స్థితిలో తిరిగి వెళ్లింది అన్నది ఆయన రాసే రిపోర్టును బట్టే తేలేది. ఆపరేటరు నిర్లక్ష్యం వల్ల ప్రింటు పాడయిందని ఆయన రాస్తే నా లైసెన్సు సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

కథ ఎవరికీ అర్థం కాలేదు, అర్థం కావలసిన అవసరమూ రాలేదు. ఓడ మీద వెళ్లిన కొందరు మంచు కప్పిన దీవిలో దిగుతారు. అక్కడొక మృగం ఉంటుంది. ఎలుగుబంటి వెంట్రుకలు, దున్నపోతు కొమ్ములు, మేకకు మల్లే వెనక్కి వంగే మోకాళ్లు. ఆరో రీలులో అది ఓడ కెప్టెనును పిడికిట్లో ఎత్తి, మొహం దగ్గరికి తెచ్చుకుని, వాసన చూసి, చంపకుండా మెల్లగా బండ మీద దించుతుంది. అంతకు ముందు, నేనింకా అక్కడ ఉండగానే, ఆదోనిలో మూడు రోజులు ఆడినప్పుడు పత్తి జిన్నింగు ఫ్యాక్టరీ కూలీలు ఆ ఒక్క రీలు కోసం మళ్లీ మళ్లీ వచ్చారు. దాన్ని ఎక్కడ పట్టుకున్నారని వాళ్లలో వాళ్లకు ఒకటే వాదన. తోలు కప్పుకున్న మనిషని కొందరన్నారు. మరి మోకాళ్లు వెనక్కి ఎలా వంగుతాయని మిగతావాళ్లు అడిగారు. క్యాబిను కిటికీలోంచి రోజూ చూసే నాకు కూడా జవాబు తెలియదు. సూర్యం గారిని అడిగితే ఏదో ట్రిక్కని మద్రాసులో విన్నానన్నారు. అది ఏ ట్రిక్కో ఆయనకూ తెలియదు.

ఎమ్మిగనూరులో తొలిరోజు మొదటి ఆటకే డేరా నిండిపోయింది. ఆరో రీలు సగానికి వచ్చేసరికి, మృగం కెప్టెనును ఎత్తుతుండగా, కింది చక్రపు బెల్టు జారింది. బెల్టు వదులైందని నాకు మధ్యాహ్నమే తెలుసు. ఆట అయ్యాక బిగిద్దామనుకున్నాను. చక్రం ఆగింది కానీ మిషను ఆగలేదు. వచ్చిన ఫిల్ము వచ్చినట్టే చక్రం ఉండే పెట్టెలో పోగుపడి, మడతలు పడి, మళ్లీ ఫిల్మును లాగే పళ్ల చక్రాల్లోకి ఎక్కి నలిగిపోయింది. దీపానికి అడ్డం వేసి, మిషను ఆపి, ఇరుక్కున్న ఫిల్మును బయటికి లాగేటప్పటికి ముప్పై అడుగుల దాకా ముక్కలైంది. తెర మీద ఆ పొడవు ఇరవై సెకన్లు. మృగం చెయ్యి ఎత్తడం దగ్గర నుంచి మనిషిని వాసన చూడడం వరకు సరిగ్గా ఆ ఇరవై సెకన్లే పోయాయి.

జనం కేకలు పెడుతుంటే మిగిలిన రీలు ఎక్కించి ఆట ముగించాను. ఆ కంగారులోనే రెండో తప్పు చేశాను. తెగిన ఫిల్మును అతకాలంటే ముందు చిరిగిన కొసలను రెండు బొమ్మల నడుమ గీత మీద తిన్నగా కత్తిరించాలి. అది మాకు నేర్పిన పద్ధతి. ముక్కలన్నీ ముందేసుకుని టకటకా కత్తిరించి, చిరుగు కొసలను నీళ్ల బకెట్టులో వేసేశాను. ఏ చిరుగు ఏ చిరుగులో ఇముడుతుందో చూసుకుంటే ముక్కల వరుస తెలిసి ఉండేది. ఆ ఆధారాన్ని నా చేత్తోనే పారేశాను.

తెల్లవారి సూర్యం గారు క్యాబినుకు వచ్చి చూశారు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. ఆ ఇరవై సెకన్లు లేకపోతే ఈ ఆట ఆడించడంలో అర్థం లేదనీ, తర్వాత ఊరు గుంతకల్లు వాళ్లు ఒప్పుకోరనీ, ఆ సాయంత్రం మొదటి ఆటలో ఆరో రీలు చూశాకే ప్రింటు పాడైన సంగతి కంపెనీకి తంతి ఇస్తాననీ చెప్పారు. అంటే నాకు సాయంత్రం దాకా గడువు దొరికినట్టే.

డేరా పక్క ఖాళీ స్థలంలో తెల్ల పంచె పరిచి ముక్కలను పేర్చాను. ముప్పై నాలుగు తేలాయి. కొన్నింట్లో నలభై బొమ్మలున్నాయి, కొన్నింట్లో నాలుగే. ఫిల్ము అంచున అడుగుకొక నెంబరు ఉండాలి కానీ, ఈ ప్రింటులో అవి అరిగిపోయాయి. బొమ్మల పక్కన శబ్దాన్ని ముద్రించిన చార కూడా అలలుగా కాక బూడిదరంగు గీతలుగా ఉండే రకం కావడంతో ఏ ముక్క పక్కన ఏది పెట్టినా సరిపోయినట్టే ఉంది. బొమ్మ అడుగున పరుగెత్తే నావికులు కనిపించిన పదకొండు ముక్కలను వాళ్ల అడుగులను బట్టి వరుసలో పెట్టగలిగాను. తక్కిన ఇరవై మూడింట్లో మృగం తప్ప ఇంకేమీ లేదు.

ఆ స్థలం పక్కనే ఈరమ్మ ఇల్లు. నేత కుటుంబం, ఇంట్లో రెండు మగ్గాలు. మా నీళ్ల బకెట్లు ఆమె ఇంటి బావి నుంచే నిండేవి. ఆమెకు నలభై యేళ్లుంటాయి. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే, పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. అవి వేలల్లో ఉంటాయి. ఆ వీధిలో ఎవరికి అతుకు అవసరమైనా ఈరమ్మను పిలిచేవాళ్లు. ముందు రోజు ఆటలో ఆమె కూడా ఉంది.

"ఏందప్పా, నిన్న దాన్ని అర్ధంలో నిలిపినావు? ఆ మనిషిని తినిందా, ఇడిసిందా?" అని అడుగుతూ వచ్చింది.

"ఇడిసిందక్కా. ఇప్పుడు నన్ను తింటాంది," అన్నాను పంచె మీది ముక్కలు చూపించి.

ఆమె కూర్చుంది. ముట్టుకోవచ్చా అని అడిగింది. చేతులు కడుక్కుని రమ్మన్నాను, అంచులు మాత్రమే పట్టుకోవాలన్నాను. చెప్పవలసిన పని లేకపోయింది. పోగు పట్టుకున్నట్టు రెండు వేళ్ల కొసలతో ఒక ముక్క ఎత్తి ఆకాశానికి ఎదురుగా పెట్టింది. కాసేపటికి లేచి ఇంట్లోకి పోయి, బట్టలో పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దం తెచ్చుకుంది. ముక్క తర్వాత ముక్క చూస్తూ పోయింది. నేను నా వరుసలో నేను తంటాలు పడుతున్నాను.

"ఇది పానమున్న జంతువు కాదప్పా," అంది ఉన్నట్టుండి.

ఎట్లా చెప్పగలవని అడిగాను.

"ఈ అద్దంలో సూడు. కింద ఉరికే మనుషుల కాళ్లు అలుక్కుపోయినాయి. ఉరికేటోని కాలు అట్లే ఉంటాది. దీని సెయ్యి ఇంత పైకి లేస్తాంటే ఒక్క బొమ్మలో గూడా అలుక్కుపోలే. నిలబెట్టి తీసినారు. కదిలిచ్చి, నిలబెట్టి, తీసినారు. మళ్లా కదిలిచ్చినారు."

అద్దం తీసుకుని చూశాను. ఆమె చెప్పింది నిజం. మిషనులో రోజుకు లక్షకు పైగా బొమ్మలు తిప్పే నేను, ఒక్క బొమ్మను ఆపి అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"ఇంగోటి సూడు. దాని బుజం మీద ఎంట్రుకలు. ఈ బొమ్మలో ఈడ అణిగినాయి. దీని కింది బొమ్మలో ఆడ అణిగినాయి. ఎవరో ఏళ్లతో పట్టుకున్న సోటు అది. పిడికిట్లో మనిషి గూడా బొమ్మే. ముక్కు సూడు, సరిగ్గా అతికియ్యలేదు."

మా ఆదోని వాదనలన్నీ అక్కడితో తేలిపోయాయి. అది పట్టుకొచ్చిన జంతువూ కాదు, తోలు కప్పుకున్న మనిషీ కాదు. బహుశా మూరెడు కూడా లేని వెంట్రుకల బొమ్మ. ఏ దేశంలోనో ఒకాయన దాని చేతిని నూలుపోగంత జరిపి, పక్కకు తప్పుకుని, ఒక్క బొమ్మ తీసి, మళ్లీ వచ్చి జరిపి ఉంటాడు. ఇరవై నాలుగు సార్లు అలా చేస్తే ఒక్క సెకను. నా పంచె మీద ఉన్న ఇరవై సెకన్లకు ఎన్ని రోజులు పట్టి ఉంటాయోనని లెక్క వేయబోయి, పని గుర్తొచ్చి మానుకున్నాను.

దారి కూడా ఈరమ్మే చూపింది. వేళ్లు తగిలి అణిగిన వెంట్రుకలు వెంటనే లేవవు. మళ్లీ అక్కడ చెయ్యి పడేదాకా అలాగే ఉంటాయి. కాబట్టి ఒక బొమ్మలో ఉన్న నొక్కులు తర్వాతి బొమ్మలో కూడా చాలావరకు ఉంటాయి, కొత్త నొక్కు ఒకటో రెండో చేరుతుంది. ఒక ముక్క చివరి బొమ్మలోని నొక్కులు ఏ ముక్క మొదటి బొమ్మలో కనిపిస్తాయో, అదే దాని తర్వాతి ముక్క. ఆమె భూతద్దంతో జతలు వెతికింది. నేను అతికాను. కొసను గీకి పూత తీయడం, అరటిపండు వాసన వేసే అతుకు మందు రాయడం, రెండో కొసను పళ్ల చక్రం పట్టే అంచు రంధ్రాలు కలిసేలా పెట్టి నొక్కి పది అంకెలు లెక్కపెట్టడం. ఒక్కో అతుకుకు ఒకటి రెండు బొమ్మలు పోక తప్పదు. మధ్యలో ఆమె భర్త గడపలోంచి కేకేశాడు. "మగ్గం నిలబెట్టి ఆడేం సేస్తాండావే?" "వస్తాండా, వస్తాండా," అంటూనే ఆమె ఇంకో ముక్క ఎత్తింది.

మధ్యాహ్నం దాటాక ఒక్క చోట మాకు పేచీ వచ్చింది. ఎనిమిది బొమ్మల ముక్క ఒకటి. అందులో మృగం చెయ్యి ముందు ముక్కలో కన్నా కొంచెం కిందికి ఉంది. చెయ్యి పైకి లేస్తున్నప్పుడు మధ్యలో కిందికి ఎందుకు దిగుతుంది? అది ఇంకా ముందు, చెయ్యి లేవడం మొదలైన చోట ఉండాలని నేనన్నాను. నొక్కులు అక్కడ కలవడం లేదని ఈరమ్మ అంది.

"సెయ్యి సంగతి నాకు తెల్దప్పా. ఎంట్రుకలు ఈడనే అంటాండాయి."

నాకు సినిమా తెలుసు, ఆమెకు తెలియదు అనుకున్నాను. పైగా హెడ్ ఆపరేటరును. నేను చెప్పిన చోటే అతికాను. ఆమె మిగిలిన జతలు కూడా చూపించి, అద్దాన్ని కొంగుతో తుడుచుకుని ఇంటికి వెళ్లిపోయింది.

వెళ్లేముందు, ఫిల్ము తెగిన సంగతి విని ఆదోని నుంచి వచ్చిన ఖాజాసాబు ఆమెను ఆపాడు. మృగం ఉత్త బొమ్మేనని తెలిసిపోతే ఇక డేరాకు ఎవరూ రారని ఆయన భయం. "అక్కా, జర మెహర్బానీ. ఊళ్లో ఎవరికీ చెప్పొద్దు," అని బతిమాలాడు. "అడిగితే అబద్దం సెప్పలేనప్పా," అని మాత్రం అని ఆమె వెళ్లిపోయింది.

సాయంత్రం మొదటి ఆటకు బెల్టును మూడుసార్లు బిగించి చూసుకున్నాను. ఆరో రీలు ఎక్కించాను. సూర్యం గారు నా వెనకే నిలబడి రెండో కిటికీలోంచి చూస్తున్నారు. చెయ్యి లేవడం మొదలైంది. అతుకులు గేటు దాటేటప్పుడు టప్, టప్ మని చప్పుడు. నేను పట్టుబట్టి పెట్టిన ముక్క దగ్గర చెయ్యి ఒక్కసారి ఎగిరిపడి వెనక్కి వచ్చింది, తేలు కుట్టినట్టు. జనం నవ్వారు. ఆ తర్వాత అంతా సాఫీగా నడిచింది. మృగం మనిషిని మొహం దగ్గరికి తెచ్చుకునేటప్పటికి నవ్వు ఆగిపోయింది.

మాది ఒకే మిషను కాబట్టి రీలుకూ రీలుకూ మధ్య విరామం ఇవ్వాలి. సూర్యం గారు ఆ ఎగురుడేమిటని అడిగారు. అక్కడ ముక్క తప్పు చోట అతికాననీ, సరైన చోటు ఈరమ్మ చెప్పినా వినలేదనీ ఒప్పుకున్నాను. "అయితే రేపు ఆవిడ చెప్పినట్టే అతకండి. తంతి రేపు చూద్దాం," అన్నారు.

మరునాడు ఉదయం ఈరమ్మ ఇంటికి నేనే వెళ్లాను. తప్పు నాదని చెప్పాను. ముందు రోజు ఆటకు తనూ వచ్చి చూసిన ఆమె ఆ మాట పట్టించుకోకుండా, "నవ్వినారు సూడు జనం, నాకు కడుపు మండిపాయ. ఆయప్ప అంత కట్టపడి సేసింటే," అంది. ఆ ఆయప్ప ఎవరో నాకు తెలియడానికి ఒక క్షణం పట్టింది. బొమ్మను కదిలించిన మనిషి.

అతుకు విప్పి, ఆమె చెప్పిన చోట పెట్టాను. ఆ సాయంత్రం తెర మీద చూశాను. మృగం చెయ్యి సగం దాకా లేచింది. అక్కడ కొంచెం కిందికి దిగింది. ఒక్క లిప్త అలా ఉండి, అప్పుడు పూర్తిగా లేచింది. అది తటపటాయింపు. ఈ మనిషిని ఏం చేద్దామని ఆ మృగం ఆలోచించింది. ఎనిమిది బొమ్మలు, సెకనులో మూడో వంతు. ఆదోనిలో ఆడినన్ని రోజులూ నా కళ్ల ముందే జరిగినా నేను గమనించలేదు. అది ప్రాణమున్న జంతువేనని జనం పంతం పట్టింది ఆ ఎనిమిది బొమ్మల వల్లేనని నాకప్పుడు అర్థమైంది.

ఖాజాసాబు భయపడినట్టే సంగతి ఊళ్లో పాకింది. నేతగాళ్లు ఈరమ్మను అడిగారు, ఆమె చెప్పింది. కానీ డేరా ఖాళీ కాలేదు. మృగాన్ని చూసి వెళ్లినవాళ్లే వెంట్రుకల మీద చెయ్యి కనిపిస్తుందేమో చూడడానికి మళ్లీ వచ్చారు. గోనెగండ్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. చివరి రోజున ఈరమ్మ తెరకు దగ్గరగా నేల మీద కూర్చుని చూసింది. నీళ్ల బకెట్లు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు, బొమ్మని తెలిశాక చప్పగా లేదా అని అడిగాను.

"మేము ఏసే అతుకు ఎవరికీ అగుపడకూడదప్పా. అగుపడితే సీర తిప్పి కొడతారు. ఆయప్ప సెయ్యి అగుపడతానే ఉండాది. అయినా అది బతికే ఉండాది. అదెట్లనో నాకు తెలీలే. అందుకే మళ్లా మళ్లా సూస్తాండా."

సూర్యం గారు తంతి ఇవ్వలేదు కానీ రిపోర్టు రాశారు. నాకు చదివి వినిపించారు. బెల్టు వదులుగా ఉందని తెలిసి కూడా బిగించకపోవడం ఆపరేటరు తప్పని రాశారు. ఆరో రీలులో నష్టం నాలుగడుగులని రాశారు. మరమ్మతు స్థానికురాలైన ఒక నేత స్త్రీ సాయంతో జరిగిందనీ, అంత సూక్ష్మమైన అతుకు పని తన ఉద్యోగంలో చూడలేదనీ కింద రాశారు. ఖాజాసాబు నన్ను ఆదోనికి వెనక్కి పిలిచి మళ్లీ రెండో ఆపరేటరును చేశాడు. ఆ నిర్ణయం న్యాయమైనదే. యేడాది తిరిగాక సూర్యం గారి కంపెనీ వాళ్లు గుంతకల్లులోని తమ డిపోలో ప్రింటు చెకరుగా రమ్మని కబురు పెట్టారు. ఊళ్లు తిరిగి వచ్చిన ప్రింట్లను అడుగడుగూ పరీక్షించి, బాగుచేసి పంపే పని అది. పదవీ విరమణ చేసేదాకా ఆ శాఖలోనే ఉన్నాను.

చెకర్లుగా నా కింద పనిచేసినవాళ్లకు రెండు నియమాలు పెట్టాను. తెగిన ఫిల్ము చేతికి వస్తే పూర్తిగా చూడనిదే కత్తెర పట్టకూడదు. పద్ధతి ప్రకారం చేసే పని కూడా వేళ తప్పితే ఆధారాన్ని చెరిపేస్తుంది. ఇక రెండోది, బొమ్మలో ఏం జరిగి ఉండాలో మనం ఊహించి అతకకూడదు, ఏం జరిగిందో ఫిల్ము మీదే ఉంటుంది. రెండో నియమాన్ని పాటించడం మొదటిదానికన్నా కష్టం. పని బాగా వచ్చినవాళ్లే దాన్ని ఎక్కువగా తప్పేవారు.